అన్నపానములును కాలేయమును

2025 జూలై మాసాంతమున కేంద్ర ఆరోగ్యశాఖామాత్యులు జె. పి. నడ్డా గారు పార్లమెంటునందు హైదరాబాదు నగరమున జరిగిన యొక పరిశోధనను ప్రస్తావించిరి. సమాచార సాంకేతిక సంస్థలలో పనిచేయు 345 మంది యుద్యోగులను పరీక్షింపగా వారిలో నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు పేరుకొని యున్నదనియు, నూటికి 71 మంది స్థూలకాయు లనియు నందు తేలినది. 345 మంది యనునది పెద్ద సంఖ్య కాదు. ఒక నగరమును, ఒక వృత్తిని జూచి దేశమంతటికి తీర్పు చెప్పుట తగదు. అయినను, కాలేయవ్యాధి యనగానే త్రాగుబోతును మాత్రమే తలచుకొనుటకు అలవాటుపడిన మన సంఘమునకు ఈ లెక్క గట్టి హెచ్చరిక. ఈ యుద్యోగులు చదువుకొన్నవారు, మంచి జీతములు గలవారు, చల్లని గదులలో కూర్చుండి పనిచేయువారు. వీరికి వచ్చిన ముప్పు చాలవఱకు కూర్చున్న కుర్చీనుండియు, తిన్న కంచమునుండియు వచ్చినది.

భారత రాజ్యాంగముయొక్క 47వ అధికరణమును చదివినవారికి ఒక విశేషము తోచక మానదు. ప్రజల పోషణస్థాయిని పెంచుట, ప్రజారోగ్యమును బాగుచేయుట రాజ్యముయొక్క ప్రథమ కర్తవ్యములలోనివని చెప్పి, అదే వాక్యమున, మత్తుపానీయముల నిషేధమునకై రాజ్యము ప్రయత్నింపవలెనని ఆ యధికరణము శాసించుచున్నది. అన్నమును పానమును రాజ్యాంగకర్తలు ఒక్క త్రాటిపై గట్టిరి. మన ప్రభుత్వములు మాత్రము వానిని రెండు శాఖలుగ విడదీసి, ఒక చేత బియ్యమును పంచుచు రెండవ చేత సీసాను అమ్ముచున్నవి. ఈ రెండు శాఖల దస్త్రములును తుద కొక్కచోట కలియుచున్నవి. ఆ చోటు పేదవాని కాలేయము.

కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొదిగి, యెదిగిన మనిషియందు సుమారు కిలోన్నర తూగు ఈ యవయవము చేయు పనులు కొన్ని కావు. తిన్న యన్నమునుండి వచ్చిన చక్కెరను కొంత దాచి రాత్రి యుపవాసవేళ రక్తమునకు విడుచును. క్రొవ్వును జీర్ణింపజేయు పైత్యరసమును స్రవించును. గాయమైనపుడు రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములను తయారుచేయును. మాంసకృత్తులు చిన్నాభిన్నమైనపుడు పుట్టు అమ్మోనియా విషమును యూరియాగ మార్చి మూత్రపిండములకు పంపును. త్రాగిన మద్యమును, మ్రింగిన మందులను విఱుగగొట్టు భారమును ప్రధానముగ దీనిదే. ఇంత పని చేయుచున్నను దీనికి నొప్పి చెప్పుకొను నోరు లేదు. బాధ నెఱిగించు నాడులు దాని పైపొరయందే గాని లోపలి కండలో లేవు. కావుననే క్రొవ్వు నిండుచున్నను, మంట పుట్టుచున్నను, మచ్చలు కట్టి గట్టిపడుచున్నను మనిషికి తెలియదు. కన్నులు పచ్చబడి కడుపున నీరు చేరునప్పటికి చాల యేండ్లు గడచిపోవును.

కాలేయకణములలో నూటికి అయిదు వంతులకు మించి క్రొవ్వు చేరినచో దానిని వ్యాధిగ పరిగణింతురు. ఆ క్రొవ్వంతయు నేతినుండియు నూనెనుండియు వచ్చినదని సామాన్యులు తలంతురు. అది సగము సత్యమే. శరీరమునకు వలసినదానికంటె మిక్కిలిగ వచ్చిపడిన పిండిపదార్థమును, చక్కెరను కాలేయమే క్రొవ్వుగ మార్చుకొనును. నేయి ముట్టనివానికిని, మాంసము తిననివానికిని ఈ వ్యాధి వచ్చుటకు కారణ మిదియే. ఇందు మన తెలుగువారి కంచమును గూర్చి కొంత నిష్కర్షగ మాటలాడవలసి యున్నది.

మనకు అన్నమనగా వరియన్నమే. పెరుగు వడ్డింపబోవుసరికి కూర యయిపోయి యుండును. అన్నము మాత్రము మఱల వచ్చుచుండును. భారత వైద్యపరిశోధనమండలివారు దేశవ్యాప్తముగ జరిపి 2025లో ప్రకటించిన పరిశీలన ప్రకారము మన దేశీయులు తినుదానిలో నూటికి 62 వంతుల శక్తి పిండిపదార్థములనుండియే, అందును మరపట్టిన బియ్యము, గోధుమపిండి, చక్కెరలనుండి వచ్చుచున్నది. ఆ మండలికి జేరిన హైదరాబాదు జాతీయ పోషకాహారసంస్థవారు 2024లో వెలువరించిన నియమావళియందు ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 వంతులకు మించరాదని చెప్పిరి. దినమునకు రెండువేల కెలోరీలు చాలినవానికి వారు కొలిచిపెట్టిన కంచ మిట్లున్నది: ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులుగాని గ్రుడ్లు మాంసములుగాని 85, గింజలు 35, నూనెనేతులు 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. మన యిండ్లలో ఎన్నింట ఒక్కొక్కనికి నాలుగువందల గ్రాముల కూరగాయలు వండుచున్నారో గృహిణులే చెప్పవలెను. కూలివాని యింట నా ప్రశ్న వేయుటకే మొగము చెల్లదు.

ఈ సంస్థయొక్క పుట్టుకను జ్ఞాపకము చేసికొనుట అప్రస్తుతము కాదు. 1918లో కూనూరున మెకారిసన్ దొర ఆధ్వర్యమున బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై యొక చిన్న శాఖగ నది యారంభమైనది. బియ్యమును మరలో తెల్లగ జేసి తవుడును పశువులకు వేయుటయే ఆ వ్యాధికి మూలమని నాడే తెలియవచ్చినది. 1958లో సంస్థ హైదరాబాదునకు తరలివచ్చినది. నడుమ 1934లో గాంధీమహాత్ముడు అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించి దంపుడుబియ్యమును తినుడని ప్రచారము చేసెను. రోకలి పోటు నాడు పల్లెవాసులకు పనికూడ నిచ్చెడిది. నూఱేండ్లుగ మనకు చెప్పుచునే యున్నారు, మనము బియ్యము నింకను తెల్లబఱచుకొనుచునే యున్నాము.

1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చిన దినమున ఆకలి కొంత తొలగినది. ఆ పథకమును నిందించుట కృతఘ్నత యగును. 2025 ఉగాదినాటినుండి తెలంగాణమున మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యము నుచితముగ నిచ్చుచున్నారు. పేదవాడును శ్రీమంతుడు తిను బియ్యమునే తినుట న్యాయమే. కాని లెక్క వేసి చూడుడు: ఆరు కిలోలనగా దినమునకు 200 గ్రాములు. పోషకాహారసంస్థ చెప్పిన ధాన్యపు కొలతలో నూటికి ఎనుబది వంతులు చౌకదుకాణముననే వచ్చినవి. కందిపప్పునకు గాని, కూరగాయకు గాని, గ్రుడ్డునకు గాని బియ్యమునకు దక్కిన స్థానము దక్కలేదు. ప్రజలు కడుపు నిండించుకొనుటకు అన్నముపై నన్నమే పెట్టుకొనుచున్నారు. ఇది వారి యవివేకము కాదు. వారి కందినది యదియే.

జొన్నరొట్టె, రాగిసంకటి, కొఱ్ఱన్నము మఱల ఆదరమునకు వచ్చుట సంతోషకరము. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యసంవత్సరముగ ప్రకటించిన పిమ్మట పట్టణములలో వాని ధర బియ్యమును మించిపోయినది. వానిలో పీచు హెచ్చు, ఆకలి నిదానముగ వేయును. కాని సంకటియు పిండిపదార్థమే. బియ్యము మాని సంకటిని రెండింతలు మ్రింగినచో కాలేయమునకు సుఖము లేదు.

చక్కెర విషయము మఱింత కఠినము. చక్కెరలో సగభాగమైన ఫ్రక్టోజును విఱుగగొట్టు పని చాలవఱకు కాలేయముపైననే పడును. అది మితిమీరినప్పుడు క్రొవ్వుగ మారును. పోషకాహారసంస్థ నియమము ప్రకారము కలుపుకొను చక్కెర దినమునకు 25 గ్రాములు దాటరాదు. అంగడిలో దొరకు 300 మిల్లీలీటర్ల శీతలపానీయపు సీసాలో సుమారు 30 గ్రాములు గలవు. ఒక్క సీసాతో దినమంతటి వంతు తీరిపోయినది. 2025 మే మాసమున కేంద్ర మాధ్యమికవిద్యామండలి తన పాఠశాలలలో చక్కెర పరిమాణములను తెలుపు పలకలు కట్టుడని యుత్తరువిచ్చినది. మంచి పని. ఆ యేడు అక్టోబరున, చక్కెరనీళ్లకు అతిసారమున బిడ్డలకు త్రాగించు లవణద్రావణపు పేరు తగిలించి అమ్ముట కూడదని కేంద్ర ఆహారభద్రతాసంస్థ శాసించినది. దీనికై యేండ్లతరబడి పోరాడినది హైదరాబాదునందలి శిశువైద్యురాలు శివరంజనీ సంతోష్ గారు. ఒక వైద్యురాలికి పట్టిన పట్టు ఒక ప్రభుత్వశాఖకు ముందుగనే పట్టినచో ఎంత బాగుండెడిది!

మన దేశీయుల శరీరనిర్మాణమున నొక మోసము గలదు. కాళ్లుచేతులు సన్నగ నుండియు కడుపు మాత్రము ముందునకు వచ్చినవారు మనలో చాలమంది. తూకము చూచుకొని వీరు నిశ్చింతగ నుందురు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో కాలేయమును గూర్చి అనుమానింపవలెనని వైద్యులు చెప్పుదురు. ఈ రోగమున కొక శుభలక్షణమును గలదు. తొలిదశలో నది వెనుకకు మరలును. శరీరభారమున నూటికి అయిదు వంతులు తగ్గినచో కాలేయపు క్రొవ్వు తగ్గును. ఏడునుండి పది వంతులు తగ్గినచో మంటయు చల్లాఱును. ఎనుబది కిలోల మనిషికి అది నాలుగునుండి ఎనిమిది కిలోలు. దీనికి ఖరీదైన మందు అక్కఱలేదు. రెండవమారు వడ్డించుకొను అన్నమును మాని, వారమునకు నూటయేబది నిమిషములు వడిగ నడచిన చాలవఱకు సాధ్యమగును.

ఇక పానము. ఇందు మేము మెత్తగ మాటలాడజాలము.

2024 అక్టోబరు 16నుండి ఆంధ్రప్రదేశ్‌లో మద్యపు చిల్లర అమ్మకము ప్రభుత్వదుకాణములనుండి మఱల ప్రయివేటు వర్తకుల చేతికి వచ్చినది. 3,396 దుకాణములకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగి యీయని రుసుము రెండు లక్షలు. ఒక్క సీసా అమ్ముడుపోకమునుపే ఖజానాకు సుమారు 1,800 కోట్ల రూపాయలు చేరినవి. తెలంగాణమున 2,620 దుకాణములకు 2025లో ఆ రుసుమును మూడు లక్షలకు పెంచిరి. ఏ పక్షము గద్దెపై నున్నను ఈ నీతి మారుట లేదు. ఆంధ్రప్రదేశ్ నూతన విధానములో మిక్కిలి ప్రచారము పొందినది 99 రూపాయల క్వార్టరుసీసా. నాటుసారాను అరికట్టుటకని దానిని సమర్థించువారు గలరు. నాణ్యమైన సరకు చౌకగ నిచ్చుచున్నామని గర్వించువారును గలరు.

ఆ సీసాలోని నాణ్యమును లెక్కింతము. 180 మిల్లీలీటర్లలో నూటికి 42.8 వంతులు సారము. అనగా 77 మిల్లీలీటర్లు. తూకమున అది సుమారు 60 గ్రాములు. 2023లో లోకమందలి కాలేయవైద్యసంఘములు కూడి వ్యాధులకు క్రొత్త పేర్లు, క్రొత్త హద్దులు నిర్ణయించినపుడు, పురుషుడు వారమునకు 420 గ్రాములు, స్త్రీ 350 గ్రాములు మించి త్రాగినచో నది నిక్కమైన మద్యకాలేయవ్యాధి యని వ్రాసిరి. 420ని ఏడుచే భాగింపుడు. దినమునకు అఱువది. కూలి ముగించుకొని నిత్యము ఒక్క క్వార్టరు త్రాగువాడు సరిగ నా హద్దుపై నిలిచి యున్నాడు. కల్తీ లేని సరకైనంతమాత్రమున నీ లెక్క మారదు. కాలేయమును కాల్చునది సీసాలోని కల్తీ గాదు, సారమే. మితముగ త్రాగిన మేలని చెప్పు పాతవాదమును గూడ 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ త్రోసివేసి, ఏ కొలతయు నిరపాయము కాదని ప్రకటించినది. అన్నముచే నిదివఱకే క్రొవ్వెక్కిన కాలేయముపై మద్యము పడినచో రెండును గలిసి త్వరగ మచ్చలు కట్టించును.

రాబడి లేనిచో పాలన యెట్లు సాగునని ప్రశ్నింతురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1937 అక్టోబరు 1న చెన్నరాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, మఱుసటి యేడు దానిని చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసినది. పోయిన రాబడికి బదులుగ 1939లో అమ్మకపుపన్ను చట్టమును తెచ్చిరి. నేడు ప్రభుత్వములకు ఆ పన్నుల వారసత్వమును గలదు, మద్యపు రాబడియు గలదు. విడిచిన దానికి నష్టపరిహారముగ బుట్టిన పన్నును ఉంచుకొని, విడిచిన దానిని మఱల చేపట్టినారు!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు సారాపాటలను ఆపిన కథ తెలుగువారెఱిగినదే. రోసమ్మ మొదలగు వారి యుద్యమము వయోజనవిద్యావాచకములో పాఠమై జిల్లా యంతట ప్రాకినది. 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమైనది. 1995 జనవరి 16న సంపూర్ణనిషేధము వచ్చినది. 1997లో నది సడలిపోయినది. దొంగసారా, సరిహద్దు రవాణా, ఖజానా లోటు అను మూడు కారణములు చెప్పిరి. అవి కల్ల లనజాలము. నిషేధము పోలీసులవలననే నిలుచునని తలచుట పొరపాటని ఆ రెండేండ్ల యనుభవము చెప్పినది. కాని సంపూర్ణనిషేధము నిలువలేదు గనుక చౌకమద్యమే గతి యని వాదించుటకు ఆ యనుభవము ప్రమాణము కాదు. నిషేధమునకును ప్రోత్సాహమునకును నడుమ చాల దూరము గలదు. దుకాణముల సంఖ్యను తగ్గించుట, వేళలను కుదించుట, బెల్టుదుకాణములను నిజముగ మూయించుట, ధరను తగ్గింపకుండుట ఈ నడిమి త్రోవలోనివి.

కల్లును గూర్చి ఒక మాట. అది చెట్టు పాలవంటిది, ఒంటికి చలువ యని పల్లెలలో ననుకొందురు. పులియని నీరాకు ఆ మాట చెల్లును. పులిసినపిమ్మట నదియు మద్యమే, సారము మాత్రము తక్కువ. అందు మత్తుమందులు కలిపి యమ్ముట మఱొక ఘోరము. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

త్రాగుటలో నీరును గలదని మఱచిపోరాదు. 1955 శీతకాలమున ఢిల్లీలో మురుగునీరు యమునలో కలిసి త్రాగునీటి గొట్టములకు చేరగా 29 వేలమందికి పైగ కామెర్లు సోకినవి. దానికి కారణము హెపటైటిస్-ఇ యని పిమ్మట తేలినది. గర్భిణులకు అది ప్రాణాంతకము. 2005లో హైదరాబాదునను ఆ వ్యాధియే చెలరేగినది. మురుగుకాలువలను దాటివచ్చు గొట్టముల నీరు త్రాగిన పేటలలో రోగులు మిక్కుటముగ నుండిరని పరిశోధకులు చూపిరి. అట్టి పేటవాసులకు కాలేయరక్షణ యనగా కాచిన నీరే. మంచి గొట్టమే వారి మందు.

బూజుపట్టిన ధాన్యము గూడ నిట్టిదే. 1974లో రాజస్థానము, గుజరాతుల కొండప్రాంతములలో వర్షమునకు తడిసి బూజెక్కిన మొక్కజొన్నను తిని నూఱుమందికి పైగ గిరిజనులు కాలేయము చెడి మరణించిరి. ఆ విషము అఫ్లటాక్సినని గుర్తించి 1975లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినవారు హైదరాబాదు పోషకాహారసంస్థవారే. వేరుసెనగను పండించి తిను అనంతపురమువారికి ఈ పాఠము ముఖ్యము. ముడుచుకొని, రంగు మాఱి, చేదెక్కిన పలుకును ఏరి పాఱవేయవలెను. వేయించినంతమాత్రమున ఆ విషము పూర్తిగ నశింపదు. అట్టి పలుకులే తక్కువ ధరకు పొడియై, పచ్చడియై పేదవాని కంచమునకు చేరుచున్నవి.

కామెర్లు వచ్చినప్పుడు మనవారు చేయు పథ్యము ఒక్కొక్కప్పుడు రోగముకంటె క్రూరము. ఉప్పు మాన్పింతురు, పప్పు మాన్పింతురు, నూనెచుక్క తగులనీయరు, చప్పిడి మజ్జిగన్నముతో వారములు గడపింతురు. కొన్నియెడల చేతిపై చురకలు పెట్టుటయు, కంట పసరు పిండుటయు గలదు. నేటి వైద్యము దీనిని సమ్మతింపదు. మద్యమును మానుట తప్పనిసరి. ఉప్పు తగ్గించుట కడుపున నీరు చేరినవారికి అవసరము. కాని కాలేయము గట్టిపడినవానికి పప్పు, పాలు, గ్రుడ్లు మాన్పుట అపాయము. అట్టివానికి శరీరభారపు కిలో కొకటికి 1.2నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావలెననియు, రాత్రి దీర్ఘోపవాసము కండను కరగించును గాన పరుండుటకు ముందు కొంత ఆహారము తీసికొనవలెననియు వైద్యసంఘములు చెప్పుచున్నవి. పెద్దలు ప్రేమతో పెట్టు పథ్యము రోగిని ఆకలికి అప్పగింపరాదు.

నేల ఉసిరిని గూర్చి అడుగువారు గలరు. 1988లో మద్రాసు పరిశోధకులు నోబెలు బహుమానగ్రహీత బ్లంబర్గుతో గూడి ఆ మొక్క హెపటైటిస్-బి క్రిమిని తొలగించునని లాన్సెట్‌లో ఆశాజనకముగ వ్రాసిరి. పిమ్మటి పరీక్షలు దానిని బలపఱుపలేదు. దేశీయౌషధమైనంతనే తలదాల్చుటయు, దేశీయమైనంతనే త్రోసివేయుటయు రెండును స్వాభిమానము కావు. పరీక్షకు నిలిచినది మనది. కాలేయమును కడిగెదమను నేటి పట్టణపు కషాయములకును, సీసాటానిక్కులకును ఈ మాటయే వర్తించును. కాలేయమును కడుగుటకు కాలేయమే గలదు.

కాఫీప్రియులకు మాత్రమొక శుభవార్త. దినమునకు రెండుమూడు గిన్నెల కాఫీ త్రాగువారిలో కాలేయము గట్టిపడుట తక్కువని పెక్కు దేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. కాఫీని విదేశీవ్యసనమని తిట్టిపోసిన వెనుకటి సంపాదకులు దీనికేమందురో! ఆ గిన్నెలో రెండు చెంచాల చక్కెర పోయువారికి ఈ వార్త సగమే శుభము.

కేంద్రప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో కాలేయపు క్రొవ్వువ్యాధిని అసాంక్రామికవ్యాధుల జాతీయపథకమున జేర్చినది. 2024 సెప్టెంబరులో సవరించిన కార్యవిధానమును వెలువరించినది. ఆశాకార్యకర్త గ్రామగ్రామమున నడుము కొలిచి, అనుమానమున్నవారిని ప్రాథమికారోగ్యకేంద్రమునకు పంపుట యందలి మొదటి మెట్టు. కాగితముపై నిది చక్కగ నున్నది. మద్యపు రాబడిని ప్రతిమాసము లెక్కించి ప్రకటించు ప్రభుత్వములు, ఆ రాబడిలో నెంత భాగము ఈ పనికి వెచ్చించినదియు, ఏయే మండలములలో నడుము కొలిచెడి ఆ పట్టీ యింకను చేరలేదో ఆ వివరమును రాబోవు బడ్జెటు సమావేశములలో శాసనసభల ముందుంచవలెనని మేము కోరుచున్నాము.